చలిలో ఆగిపోయే కెమెరా: తప్పు చలిదా, ఎండదా?

కానన్, నికాన్, సోనీ... ఏ కంపెనీ కెమెరా కొన్నా, దానితో వచ్చే పుస్తకం చివరి పేజీల్లో ఎంత వేడిలో, ఎంత చలిలో అది పనిచేస్తుందో ఒక వరుసలో రాసి ఉంటుంది. ఎక్కువ కెమెరాలకు ఆ హద్దులు 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. ఈ రెండు అంకెల పక్కన మన తిరువళ్లూరు, తిరుత్తణి వాతావరణాన్ని పెట్టి చూస్తే ఇక్కడి బ్యాటరీల కథ సగం అర్థమైపోతుంది. మార్గళి, అంటే ధనుర్మాసం, తెల్లవారుజామున తిరుత్తణిలో సాధారణంగా 18, 20 డిగ్రీలు ఉంటుంది. మరీ చలి పడిన ఏడాది ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. పక్కనే ఉన్న చెన్నై నుంగంబాక్కంలో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు, అదీ వందేళ్లకు పైబడిన మాట. అంటే కింది హద్దు దరిదాపులకు కూడా ఈ ప్రాంతం ఎన్నడూ పోదు. పై హద్దు సంగతి వేరు. మే నెలలో వాతావరణ శాఖ రోజూ ఇచ్చే వివరాల్లో వేలూరు పేరు పక్కన తిరుత్తణి పేరు కనపడుతూనే ఉంటుంది. 42, 43 డిగ్రీలు ఇక్కడ వార్త కూడా కాదు. కెమెరా కంపెనీ గీసిన పై గీతను ఏటా దాటుతున్నాం.

అయినా డిసెంబరు, జనవరి వచ్చేసరికి స్టూడియోల్లో వినపడే ఫిర్యాదు మాత్రం చలి మీదే. పులికాట్‌లో ఫ్లెమింగోల కోసం చీకటితోనే బయల్దేరినవాళ్లు, డిసెంబరు 31 రాత్రి తిరుత్తణి కొండ 365 మెట్ల మీద జరిగే పడిపూజ తీసేవాళ్లు, తై నెల మొదలవగానే కల్యాణ మండపాల్లో తెల్లవారుజాము ముహూర్తాలకు నిలబడేవాళ్లు, అందరిదీ ఒకటే మాట: “చలికి బ్యాటరీ నిలబడటం లేదన్నా.” రాత్రి ఫుల్ చార్జ్ పెట్టిన బ్యాటరీ పొద్దున ఎనిమిదింటికే ఎర్ర గుర్తు చూపిస్తుంది. కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ సగం చార్జ్ ఉన్నట్టు చూపిస్తుంది. నాలుగు ఫోటోలకే మళ్లీ ఆగిపోతుంది. తాళి కట్టే క్షణంలో ఇది జరిగితే ఫోటోగ్రాఫర్‌కు ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. ఆ క్షణం మళ్లీ రాదు, పెళ్లివారు మళ్లీ పిలవరు.

ఈ ఫిర్యాదు అబద్ధం కాదు. చలికి లిథియం అయాన్ బ్యాటరీ బలం తగ్గడం నిజమే. కానీ 18 డిగ్రీల చలి ఒక మంచి బ్యాటరీని పడగొట్టలేదు. పడగొట్టిందంటే ఆ బ్యాటరీ అప్పటికే సగం పోయి ఉండాలి. దాన్ని సగం చేసింది మార్గళి కాదు, అంతకు ముందు గడిచిన రెండు మూడు వేసవులు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు చలి ఏం చేస్తుందో చూద్దాం. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీయే రకరకాల మార్పులతో ఇవాళ మన కెమెరాల్లో, ఫోన్లలో ఉంది. దీని వెనుక పనికి జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో 2019లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. లోపల ఒకవైపు గ్రాఫైట్ పొర, ఇంకోవైపు కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్ పొర, రెంటి మధ్య ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. చార్జ్ ఎక్కేటప్పుడు లిథియం అయాన్లు ఆ ద్రవం గుండా గ్రాఫైట్‌లోకి వెళ్లి చేరతాయి. ఫోటో తీసేటప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. చలి పెరిగేకొద్దీ ఆ ద్రవం చిక్కబడుతుంది. ధనుర్మాసం పొద్దుల్లో మన ఇళ్లలో కొబ్బరినూనె సీసా ఎలా మొరాయిస్తుందో, దాదాపు అలాగే. కాకపోతే బ్యాటరీలోని ద్రవం మన చలికి గడ్డకట్టదు, కదలిక మందగిస్తుంది. పొరల్లోకి అయాన్లు దూరే వేగమూ తగ్గుతుంది. ఈ రెండూ కలిసి బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది.

నిరోధం పెరిగితే కెమెరా ఎందుకు ఆగిపోతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఇందులో అంకెలు ఉదాహరణకే. కెమెరా బ్యాటరీలో మామూలుగా రెండు సెల్స్ వరుసగా ఉంటాయి. ఫుల్ చార్జ్‌లో 8.4 వోల్టులు, వాడకంలో 7.4 దగ్గర ఉంటుంది. 6 వోల్టుల కిందికి పోతే చార్జ్ అయిపోయిందని కెమెరా అనుకుంటుందనుకుందాం. లెన్స్ ఫోకస్ తిరిగి, షటర్ పడే క్షణంలో 2 ఆంపియర్ల కరెంటు లాగుతుందనుకుందాం. కొత్త బ్యాటరీ నిరోధం 0.15 ఓమ్ అయితే చలికి అది 0.4 అయిందే అనుకున్నా, ఆ క్షణంలో పడిపోయేది 0.8 వోల్టు. 6.6 మిగులుతుంది, ఫోటో పడుతుంది. అదే మూడేళ్లు వాడిన బ్యాటరీ నిరోధం ముందే 0.4 ఉంటే, చలికి అది 1 ఓమ్ అవుతుంది. 2 వోల్టులు పడిపోయి 5.4 దగ్గరకొస్తుంది. కెమెరా ఆగిపోతుంది. లోపల చార్జ్ ఉంది, బయటికి ఇచ్చే శక్తి లేదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ గడులు కనపడటానికి కారణం ఇదే. కరెంటు లాగనప్పుడు వోల్టేజీ తిరిగి పైకి వస్తుంది, లాగగానే మళ్లీ కూలుతుంది.

కంపెనీల లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2012లో వచ్చిన కానన్ 5డీ మార్క్ 3 పుస్తకంలో ఒక్క ఫుల్ చార్జ్‌కు ఎన్ని ఫోటోలు వస్తాయో రెండు ఉష్ణోగ్రతల దగ్గర ఇచ్చారు. వ్యూఫైండర్‌తో తీస్తే 23 డిగ్రీల్లో సుమారు 950, సున్నా డిగ్రీల్లో సుమారు 850. అంటే నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా కొత్త బ్యాటరీ పోగొట్టుకునేది పదింట ఒక వంతు మాత్రమే. అదే పుస్తకంలో ఇంకో వరుస ఉంది: లైవ్ వ్యూలో, అంటే వెనక తెర చూస్తూ తీస్తే, 23 డిగ్రీల్లో 200, సున్నాలో 180. చలి వల్ల పోయింది వంద ఫోటోలైతే, తెర వెలిగించినందుకు పోయింది 750. ఇవాళ్టి మిర్రర్‌లెస్ కెమెరాల్లో తెరో, ఎలక్ట్రానిక్ వ్యూఫైండరో ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. 2013 నాటి మొదటి సోనీ ఏ7 దాని చిన్న బ్యాటరీతో మూడు వందల చిల్లర ఫోటోలకే అలసిపోయేది. 2018లో వచ్చిన ఏ7 మార్క్ 3లో 2,280 మిల్లీ ఆంపియర్ అవర్ల పెద్ద బ్యాటరీ పెట్టాక ఆ లెక్క తెర మీద 710కి, వ్యూఫైండర్‌లో 610కి పెరిగింది. డీఎస్ఎల్ఆర్ నుంచి మిర్రర్‌లెస్‌కు మారినవాళ్లు “ఈ చలికాలం బ్యాటరీ తొందరగా దిగిపోతోంది” అంటుంటే అది కాలం మార్పు కన్నా కెమెరా మార్పే అయ్యే అవకాశం ఎక్కువ.

ఫోన్ల ప్రపంచం నుంచి ఒక సాక్ష్యం ఉంది, దాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పాత ఐఫోన్లు నెమ్మదిస్తున్నాయని గొడవ లేచినప్పుడు 2017 డిసెంబరులో ఆపిల్ ఒక వివరణ ఇచ్చింది. చలిలో ఉన్నప్పుడు, చార్జ్ తక్కువ ఉన్నప్పుడు, వయసు మీద పడినప్పుడు లిథియం అయాన్ బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదని, అప్పుడు ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా వేగం తగ్గిస్తున్నామని ఒప్పుకుంది. వాడేవాళ్లకు ముందే చెప్పనందుకు ఆ కంపెనీ చీవాట్లు తింది, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించాల్సి వచ్చింది. వాళ్లు చెప్పిన మూడు కారణాలను మళ్లీ చదవండి. చలి ఒక్కటే కాదు. చలి, తక్కువ చార్జ్, వయసు కలిస్తే దెబ్బ ఇంకా గట్టిది. తిరుత్తణి చలి ఈ మూడింటిలో అతి చిన్నది. మిగతా రెండూ మన చేతిలో ఉన్నవి.

ఇక వయసు సంగతి. బ్యాటరీకి వయసు తెచ్చేది ఎన్నిసార్లు చార్జ్ పెట్టామన్నది ఒకటైతే, ఎంత వేడిలో, ఎంత చార్జ్‌తో కూర్చోబెట్టామన్నది రెండోది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. గ్రాఫైట్ మీద సహజంగా ఏర్పడే ఒక పలుచని పొర ఉంటుంది. అది ఉంటేనే బ్యాటరీ పనిచేస్తుంది. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ పొర మందమవుతూ పోతుంది, అలా మందమవడానికి లిథియాన్ని తినేస్తుంది, అయాన్లకు దారి ఇరుకు చేస్తుంది. తిన్న లిథియం మళ్లీ రాదు. ఇజిడర్ బుచ్‌మన్ స్థాపించిన బ్యాటరీ యూనివర్సిటీ ప్రచురించిన ఒక పట్టికను ఈ రంగంలో అందరూ చూపిస్తారు. ఏడాదిపాటు వాడకుండా పక్కన పెట్టిన లిథియం అయాన్ బ్యాటరీలో మిగిలే సామర్థ్యం ఎంత అన్నది దాని అంచనా. 25 డిగ్రీల్లో 40 శాతం చార్జ్‌తో పెడితే 96 శాతం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో ఫుల్ చార్జ్‌తో పెడితే 80. 40 డిగ్రీల్లో 40 శాతం చార్జ్‌తో 85, ఫుల్ చార్జ్‌తో అయితే 65. 60 డిగ్రీల్లో ఫుల్ చార్జ్‌తో ఉంచితే ఏడాది అక్కర్లేదు, మూడు నెలల్లోనే 60కి వస్తుంది. సున్నా డిగ్రీల్లో? 40 శాతం చార్జ్‌తో ఏడాది తర్వాత 98 మిగిలే ఉంటుంది. నిలవకు చలి మంచిదన్నమాట.

ఈ అంకెలను మన అలవాట్ల పక్కన పెట్టండి. పెళ్లిళ్లు లేని ఆడి నెలలో బ్యాటరీలన్నీ ఫుల్ చార్జ్ చేసి బ్యాగులో వేసి, ఆ బ్యాగును రేకుల కప్పు కింద ఉన్న గదిలోనో అటక మీదో పెట్టేస్తాం. ఆడికృత్తికకు కావడులు తీయడానికి కొండకు వెళ్లినప్పుడు రెండో బ్యాటరీ స్కూటర్ డిక్కీలో ఉంటుంది. ఎండలో నిలిపిన కారు లోపల, డాష్‌బోర్డు మీద 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. కొందరు కారు చార్జర్‌కు బ్యాటరీ తగిలించి అక్కడే వదిలేస్తారు. ఫుల్ చార్జ్, పైన 60 డిగ్రీల వేడి: ఆ పట్టికలోని అతి చెడ్డ గడి అదే. ఇలా రెండు మూడు వేసవులు గడిచాక ఆ బ్యాటరీ లోపలి నిరోధం ఎంతకు చేరుతుందో పైన వేసిన లెక్కే చెబుతుంది. మే నెలలో గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ జబ్బు కనపడదు. డిసెంబరులో చలి పడగానే బయటపడుతుంది. చలి వల్ల తగ్గిన బలం వెచ్చబడగానే తిరిగొస్తుంది, ఎండ వల్ల పోయింది తిరిగి రాదు. నిందేమో చలి మోస్తోంది.

మీ బ్యాటరీ ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. నికాన్ కెమెరా సెటప్ మెనూలో బ్యాటరీ సమాచారం అన్న పేజీ తెరవండి. చార్జ్ శాతం, ఆ చార్జ్‌తో ఎన్నిసార్లు షటర్ పడింది, వాటి కింద బ్యాటరీ వయసు అని ఒక గీత. దాని మీద 0 నుంచి 4 దాకా అంకెలు. 0 అంటే కొత్తది, 4 అంటే మార్చాల్సిందే. కానన్‌లో అదే పేజీలో రీచార్జ్ పనితీరు అని మూడు గడులుంటాయి. మూడూ పచ్చగా ఉంటే బాగున్నట్టు, రెండు పచ్చగా ఉంటే కొంచెం తగ్గినట్టు, ఒక్కటే ఎర్రగా ఉంటే కొత్తది కొనమని. ఈ పేజీని ఏళ్లుగా తెరవనివాళ్లే ఎక్కువ. డూప్లికేట్ బ్యాటరీలు చాలామటుకు ఈ సమాచారం సరిగ్గా ఇవ్వవు, కొన్ని అసలే ఇవ్వవు. వాటికి వేరే దారి: ఇంట్లో ఫుల్ చార్జ్ పెట్టి, ఇంటర్వల్ టైమర్‌లో పది సెకన్లకు ఒకటి చొప్పున అది ఆగేదాకా తీయించి ఫోటోలు లెక్కపెట్టండి. మరుసటి రోజు అదే బ్యాటరీని మళ్లీ ఫుల్ చేసి, గాలి దూరని జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో మూడు గంటలు ఉంచి, తీసి కవర్ మీద చెమ్మ పూర్తిగా ఆరాక అదే పరీక్ష చేయండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. కింది అరలో ఉండే చలి తిరుత్తణి ఏ ఏడాదీ చూడనిది. ఆరేలోపు బ్యాటరీ కొంత వెచ్చబడుతుంది కనుక ఇది ప్రయోగశాల పరీక్ష కాదు. అయినా రెండు లెక్కల మధ్య కొద్ది తేడా ఉంటే ఆ బ్యాటరీ ఇంకా పనికొస్తుంది. మూడో వంతో సగమో పడిపోతే అది పెళ్లికి పనికిరాదు, ఇంట్లో పిల్లల ఫోటోలకు ఉంచుకోండి.

అసలైన చలి ఇక్కడి జనానికి తెలియనిది కాదు, ప్రయాణాల్లో ఎదురవుతుంది. తిరుమల కొండ మీద జనవరి రాత్రులు కొంచెం వణికిస్తాయి. హార్సిలీ కొండలు, ఏలగిరి అంతకు కొంచెం ఎక్కువ. ఉదకమండలంలో జనవరి పొద్దున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ఆంధ్రలో అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. దాని దగ్గర్లోని చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రం కొలతలు కొన్ని శీతాకాలాల్లో 5 డిగ్రీల లోపుకు పోతాయి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాల పైన సూర్యోదయం తీయడానికి వందల మంది కెమెరాలతో రాత్రే ఎక్కుతారు. అక్కడ రెండు మూడు గంటలు కదలకుండా నిలబడాలి, కెమెరా పూర్తిగా చల్లబడిపోతుంది. అంత చలినీ కొత్త బ్యాటరీ తట్టుకుంటుంది, పాతది తట్టుకోదు.

లడాఖ్ అయితే లెక్క మారుతుంది. లేహ్ 3,500 మీటర్లు, పాంగాంగ్ 4,200 దాటి, హాన్లే 4,500. శీతాకాలపు రాత్రుల్లో మైనస్ 20 మామూలు. హాన్లేలో చీకటి ఆకాశాన్ని కాపాడటానికి ప్రత్యేక ప్రాంతంగా ప్రకటించాక నక్షత్రాలు తీసేవాళ్ల రాక బాగా పెరిగింది. ఒక్కో ఫోటోకు నిమిషాల కొద్దీ షటర్ తెరిచి ఉంచే పని అది, బ్యాటరీ ఊపిరి తీయకుండా పనిచేయాలి. ఇక్కడ చలి చేసే ఒక మేలు కూడా చెప్పాలి. సెన్సార్‌కు చలి మంచిది. ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ సెన్సార్‌లో వేడి వల్ల పుట్టే అనవసరపు కరెంటు దాదాపు సగానికి తగ్గుతుంది, చీకటి భాగాల్లో గింజలు తగ్గుతాయి. ఖగోళ పరిశోధకులు తమ కెమెరాల్ని పనిగట్టుకుని చల్లబరచేది ఇందుకే. కెమెరా చల్లగా, బ్యాటరీ వెచ్చగా ఉండాలి. లడాఖ్ రాత్రి ఫోటోగ్రఫీకి సంబంధించినంతవరకు విద్య అంతా అదే.

ఇంతకన్నా కఠినమైన చలిలోకి మన ఎండ జిల్లాల నుంచి వెళ్లినవాళ్లున్నారు. నెల్లూరు జిల్లాలోని గాంధీజనసంఘం నుంచి వెళ్లిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. మొదటిది అంటార్కిటికాలోని విన్సన్. 2015లో ఆండీస్ పర్వతాల్లోనే ఆయన ప్రాణం పోయింది. తెలంగాణ నుంచి మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అలాంటి చోట్ల శిఖరం మీద తీసిన ఫోటో జ్ఞాపకం మాత్రమే కాదు, ఎక్కినట్టు రుజువు. అందుకే పర్వతారోహకులు బ్యాటరీని ఒంటికి ఆనే లోపలి జేబులో మోస్తారు, శిఖరం దగ్గరే కెమెరాలో వేస్తారు. అమెరికాలో మినియాపొలిస్, షికాగోల్లో, కెనడాలో ఎడ్మంటన్, టొరంటోల్లో స్థిరపడ్డ మన పిల్లలకూ ఇది రోజువారీ విషయం. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కు ధ్రువకాంతులు తీయడానికి వెళ్లేవాళ్లు మైనస్ 25, 30ల్లో ట్రైపాడ్ పక్కన గంటల తరబడి నిలబడతారు.

నిజమైన చలికి ఏం చేయాలన్నది కష్టమైన శాస్త్రం కాదు, నికాన్ తన పుస్తకాల్లో ఏళ్లుగా రాస్తున్నదే. ఫుల్ చార్జ్‌తో బయల్దేరాలి, రెండో బ్యాటరీని వెచ్చని చోట ఉంచి మార్చి మార్చి వాడాలి, చల్లబడి ఆగిపోయింది వెచ్చబడితే కొంత చార్జ్ తిరిగి ఇస్తుంది. ఆ వెచ్చని చోటు చొక్కా లోపలి జేబు. నాణేలు, తాళం చెవులు ఉన్న జేబులో మూత లేకుండా వేయకూడదు, షార్ట్ అవుతుంది. గాలి తగిలితే వేడెక్కే హ్యాండ్ వార్మర్ పొట్లాలు మంచివే కానీ వాటిని బ్యాటరీకి నేరుగా అంటించడం మంచిది కాదు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ గాలిలో ఆక్సిజన్ తక్కువై అవి సరిగా వేడెక్కవు. కొత్త మోడళ్లు చాలావరకు టైప్-సి కేబుల్ ద్వారా పవర్ బ్యాంక్‌తో నడుస్తాయి. పవర్ బ్యాంక్‌ను కోటు లోపల పెట్టుకుని కేబుల్ మాత్రం బయటికి తీయడం రాత్రి ఫోటోలకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి అని నా అభిప్రాయం. విమానంలో వెళ్తుంటే అదనపు బ్యాటరీలన్నీ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ల లోపు వాటికి వేరే అనుమతి అక్కర్లేదు. మామూలు కెమెరా బ్యాటరీ 13 నుంచి 16 వాట్ అవర్లే.

చలిలో వాడటం కన్నా చలిలో చార్జ్ పెట్టడం ప్రమాదం. ఈ విషయం నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే లడాఖ్ హోమ్‌స్టేల్లో, కేదార్‌నాథ్ దారి గదుల్లో అందరూ చేసే పని ఇదే. బయటి నుంచి రాగానే గడ్డకట్టినట్టున్న బ్యాటరీని నేరుగా చార్జర్‌లో పెడతారు. సున్నా డిగ్రీల కింద చార్జ్ ఎక్కిస్తే లిథియం గ్రాఫైట్‌లోకి దూరలేక దాని పైనే లోహంగా పేరుకుంటుంది. అది శాశ్వత నష్టం, షార్ట్ అయ్యే ముప్పు కూడా. బ్యాటరీ గది వేడికి వచ్చేదాకా ఓ గంట ఆగి అప్పుడు చార్జ్ పెట్టాలి. నికాన్ పుస్తకం ఇంకో ఆసక్తికరమైన మాట చెబుతుంది: 5 డిగ్రీల కింద చార్జ్ చేసిన బ్యాటరీ తన వయసు గీతలో తాత్కాలికంగా పెద్దదిగా కనపడుతుంది, మళ్లీ 20 డిగ్రీల దగ్గర చార్జ్ పెడితే సరవుతుంది. కాబట్టి ప్రయాణం నుంచి తిరిగొచ్చి ఇంట్లో ఒకసారి చార్జ్ పెట్టాకే బ్యాటరీ పోయిందా లేదా అన్నది తేల్చుకోవాలి. చల్లని కెమెరాను వెచ్చని గదిలోకి తెచ్చేముందు జిప్ కవర్లో మూసి తెస్తే చెమ్మ కవర్ మీద పడుతుంది, లెన్స్ లోపల పడదు. ఇదే సూత్రం ఏసీ గది నుంచి తిరువళ్లూరు ఉక్కపోతలోకి కెమెరా తెచ్చేటప్పుడూ వర్తిస్తుంది.

ఫ్లాష్‌లో వేసే ఏఏ సెల్స్ గురించి కొంచెమే చెప్పాలి. మామూలు ఆల్కలైన్ సెల్ నీళ్ల ఆధారంగా పనిచేసేది, చలికి అన్నిటికన్నా ముందు చేతులెత్తేసేది అదే. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ మెరుగు. ఒక్కసారి వాడి పారేసే లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయని కంపెనీలు రాస్తాయి. ఖరీదెక్కువ, లడాఖ్‌కు తప్ప మనకు అక్కర్లేదు. నికాన్ ఎఫ్ఎమ్2 లాంటి పాత ఫిల్మ్ కెమెరాలకు ఈ బాధే లేదు, షటర్ అంతా స్ప్రింగుల పని, మీటర్‌కు మాత్రమే చిన్న సెల్. డిజిటల్ వచ్చాక ప్రతి కెమెరా ప్రాణమూ బ్యాటరీలో చేరింది. 1975లో కోడాక్‌లో స్టీవ్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా కూడా 16 నికెల్ కాడ్మియం సెల్స్ మోసుకునే నడిచింది.

డూప్లికేట్ బ్యాటరీల మీద నా తీర్పు సూటిగా చెబుతాను. అన్నీ చెడ్డవి కావు. పేరున్న వేరే కంపెనీలవి మామూలు పనికి పనికొస్తాయి. కానీ కంపెనీ పేరే ముద్రించి మూడో వంతు ధరకు అమ్మే నకిలీల్లో లోపల ఏ సెల్ ఉందో, ఎన్నేళ్ల నాటిదో తెలియదు. పైన అంకె ఎంతైనా రాస్తారు. వేడికి మొదట ఉబ్బేవి ఇవే. ఉబ్బిన బ్యాటరీ కెమెరా గొంతులో ఇరుక్కుని తలుపు తెరుచుకోకపోతే, దాన్ని స్క్రూడ్రైవర్‌తో పీకకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాలి. చెత్తకుండీలో వేస్తే చెత్త బండిలో నలిగి నిప్పంటుకోవచ్చు. వాడేసిన బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ హక్కును అడిగి వాడుకోవాలి.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఇప్పుడు రాష్ట్రాలు వేరైనా నగరి, పుత్తూరు, పళ్లిపట్టు, తిరుత్తణి స్టూడియోలది ఒకే ఎండ, ఒకే ముహూర్తాల లెక్క. ఆ స్టూడియోల అన్నదమ్ములకు నా విన్నపం ఒక్కటే. ప్రతి బ్యాటరీ మీద కొన్న నెల, సంవత్సరం మార్కర్‌తో రాయండి. ఈ వేసవిలో బ్యాటరీల్ని సగం చార్జ్‌తో, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, కింది అరలో పెట్టండి. ముహూర్తం ముందు రాత్రి మాత్రమే ఫుల్ చేయండి. కారులో, డిక్కీలో వదలకండి. వయసు గీత 3 దాటినదాన్ని, ఎర్ర గడి చూపినదాన్ని పెళ్లికి తీసుకెళ్లకండి. మంచి కంపెనీ బ్యాటరీ ధర ఒక పెళ్లి ఆల్బమ్ ధరలో చిన్న భాగం.